ట్రీ స్టాండ్ ఎన్ని అడుగుల ఎత్తులో ఉండాలి? అడుగులు కొలిచే ముందు చెట్టు చూసుకో

ప్రశ్న: అన్నా, నమస్తే. కొలంబస్ దగ్గర ఉంటాను, ఐటీ ఉద్యోగం. రెండేళ్లుగా కాంపౌండ్ విల్లు (కప్పీలున్న విల్లు) సాధన చేస్తున్నాను, 20 గజాల దూరం వరకు గురి మీద నమ్మకం ఉంది. మా ఆఫీసులో ఒకాయనకి కొషాక్టన్ కౌంటీలో కొండవాలు మీద 40 ఎకరాల అడవి ఉంది. ఈ సీజన్‌కి జింకల వేటకు రమ్మన్నాడు, పర్మిషన్ కాగితం మీద రాసిచ్చాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా అయిపోయింది. ఇక ట్రీ స్టాండ్, అదే చెట్టుకి కట్టుకుని పైన కూర్చునే మంచె, దాని దగ్గర ఆగిపోయాను. ఆయన 30 అడుగులు ఎక్కకపోతే జింక పసిగట్టేస్తుంది అంటాడు. వాళ్ల బావమరిది 12 అడుగులు చాలు అంటాడు. నాకు ఎత్తంటే కొంచెం భయం, మా ఆవిడకి ఇదంతా టెన్షన్. ఎంత ఎత్తు పెట్టుకోమంటారు? నిచ్చెనతో పాటు వచ్చే లాడర్ స్టాండ్ కొనాలా, బోదెకి వేలాడదీసి కట్టే హ్యాంగ్-ఆన్ కొనాలా?
– ఒహాయో నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

తమ్ముడూ, నువ్వు అడిగింది అంకె కాబట్టి ముందు అదే చెప్తాను. మొదటి సీజన్‌కి నువ్వు కాళ్లు పెట్టే ప్లాట్‌ఫారమ్ నేలకి 15 నుంచి 18 అడుగుల మధ్య ఉంటే చాలు. కొనేది లాడర్ స్టాండ్. 30 అడుగుల మాట ఈ ఏడాదికి మర్చిపో, నన్నడిగితే వచ్చే ఏడాదికి కూడా మర్చిపో. అయితే ఈ అంకె ఒక్కటి రాసుకుని వెళ్లి కనిపించిన చెట్టుకి స్టాండ్ కట్టేస్తే పని జరగదు. ఒకే 16 అడుగులు ఒక చెట్టు మీద ఎక్కువైపోతుంది, దాని పక్క చెట్టు మీదే తక్కువైపోతుంది. మీ ఆఫీసాయన, ఆయన బావమరిది ఇద్దరూ బహుశా తమ తమ చెట్ల గురించి నిజమే చెప్తున్నారు. నీ చెట్టు ఏదో ఇంకా తేలలేదు.

అసలు ఎత్తు ఎందుకు పనికొస్తుందో చూద్దాం. జింక కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు తన చుట్టూ 300 డిగ్రీల మేర దానికి కనిపిస్తుంది. కంటిపాప అడ్డంగా సాగి ఉంటుంది, లోపల రెటీనాలో కూడా చూపు బాగా పనిచేసే భాగం అడ్డంగా ఒక పట్టీలాగా ఉంటుంది. అంటే నేలకి సమాంతరంగా, తన కంటి మట్టంలో ఏది కదిలినా అది ఇట్టే పట్టేస్తుంది. నువ్వు ఆ పట్టీకి పైన ఉంటే అది నిన్ను గమనించే అవకాశం తగ్గుతుంది. తగ్గుతుంది అంటున్నాను, పోతుంది అనడం లేదు. జింక తల పైకెత్తి చూడదు అని కొందరు చెప్తారు, అది నిజం కాదు. పైనుంచి ఒక చప్పుడు వినిపిస్తే, కొమ్మ మధ్యలో ఏదైనా కదిలితే, తలెత్తి సూటిగా నీ వైపే చూస్తుంది. వేట ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట ముసలి ఆడ జింకలు చెట్ల మీదకి చూస్తూనే నడుస్తాయి. వాటికి రంగులు మనలాగా కనిపించవు, ఎరుపు, నారింజ మసకగా ఉంటాయి, నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకే బ్లూ జీన్స్ వేసుకుని ఎక్కొద్దు. థ్యాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం నుంచి ఒహాయోలో గన్ వీక్ (తుపాకీతో జింకల్ని వేటాడే వారం) మొదలవుతుంది, ఆ రోజుల్లో విల్లుతో వెళ్లేవాళ్లు కూడా నారింజ రంగు వెస్ట్ వేసుకోవాలి. దాని వల్ల జింక బెదిరిపోతుందేమో అని దిగులు పడకు.

ఇక వాసన. చాలామంది 25, 30 అడుగులు ఎక్కేది దీని కోసమే. గాలి నిలకడగా వీస్తుంటే, ఎత్తు మీద నుంచి బయల్దేరిన నీ వాసన నేలకి దిగేలోపు ఇంకొంచెం దూరం పోతుంది, అంతవరకు నిజమే. కానీ నువ్వు వెళ్లేది కొషాక్టన్ కొండల్లోకి. అక్కడ గాలి నేల వాలుని బట్టి నడుస్తుంది. సాయంత్రం పొద్దు వాలేసరికి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది, నీ వాసనను కూడా మోసుకుంటూ లోయలోకి పోతుంది. నువ్వు 15 అడుగుల మీద ఉన్నా 30 అడుగుల మీద ఉన్నా దాని దారి అదే. పొద్దున ఎండ నేలకి తగిలాక గాలి పైకి లేవడం మొదలవుతుంది, అప్పుడు కింద నడిచే జింకకి నీ వాసన అందదు. కాబట్టి జింకల దారికి పై వైపు కట్టిన స్టాండ్ ఉదయం, అదీ ఎండ పడ్డాక బాగా పనిచేస్తుంది, సాయంత్రం అదే చెట్టెక్కితే నువ్వు వచ్చిన సంగతి లోయంతటికీ ముందే తెలిసిపోతుంది. ఒక చిన్న పౌడర్ డబ్బా జేబులో పెట్టుకో, గాలిలోకి కొంచెం ఊది అది ఎటు పోతుందో చూడు. ఎత్తు పెంచి వాసన సమస్య తీర్చాలని చూసేవాళ్లు తప్పు మందు వాడుతున్నట్టే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎత్తు పెరిగితే బాణం దిగే కోణం మారుతుంది. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. లెక్క చాలా సులువు, నువ్వు ఇంజనీరువి, కాగితం తీసుకుని నువ్వే వేసుకోవచ్చు. ప్లాట్‌ఫారమ్ 16 అడుగుల మీద ఉందనుకో. నిలబడి బాణం వదిలితే అది బయల్దేరేది సుమారు 21 అడుగుల నుంచి. జింక గుండె, ఊపిరితిత్తులు నేలకి రెండున్నర అడుగుల మీద ఉంటాయి. అంటే బాణం పద్దెనిమిదిన్నర అడుగులు కిందికి దిగాలి. జింక చెట్టు మొదలుకి 20 గజాల దూరంలో ఉంటే కోణం 17 డిగ్రీలు, దాదాపు నేల మీద నిలబడి కొట్టినట్టే. 10 గజాల్లో ఉంటే 32 డిగ్రీలు. అదే 30 అడుగుల ప్లాట్‌ఫారమ్ మీద నుంచి అయితే 20 గజాల్లో 28 డిగ్రీలు, 10 గజాల్లో 47 డిగ్రీలు, ఇక 5 గజాల దగ్గరికి వచ్చిందంటే 65 డిగ్రీలు. అంటే దాదాపు నెత్తి మీద నుంచి కొట్టడమే.

47 డిగ్రీలైతే ఏమవుతుంది అంటావా? జింక పక్కకి తిరిగి నిలబడితే దాని రెండు ఊపిరితిత్తులూ పక్కపక్కనే ఉంటాయి, అడ్డంగా వెళ్లే బాణం రెండింటినీ చీల్చుకుంటూ పోతుంది, జింక ఎక్కువ దూరం పోకుండా కొద్ది క్షణాల్లో పడిపోతుంది. బాణం నిటారుగా దిగే కొద్దీ అది వెన్ను పక్కనుంచి దూరి, ఒక ఊపిరితిత్తిని మాత్రం చీల్చి, రొమ్ము కింద నుంచి బయటికి వస్తుంది, లేదా అసలు బయటికి రాదు. ఒక్క ఊపిరితిత్తి దెబ్బతిన్న జింక గంటల తరబడి నడవగలదు, నెత్తుటి చుక్క ఆనవాలు లేకుండా పక్క కౌంటీ దాకా పోయినా ఆశ్చర్యం లేదు, ఎక్కడో పొదలో బాధపడుతూ పడి ఉంటుంది. నాకు ఈ ఒక్క విషయం మీద చాలా పట్టింపు. మన ఊళ్లో జింకను వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక్కడ రాష్ట్రం లెక్క చూసి, లైసెన్సు ఇచ్చి, డీర్ పర్మిట్ ఇచ్చి అనుమతిస్తోంది. ఆ అనుమతితో వెళ్లినవాడు జంతువును ఒక్క బాణంతో, వీలైనంత త్వరగా చంపగలిగే చోటే కూర్చోవాలి. నిన్ను జింక చూస్తుందేమో అన్న భయంతో 30 అడుగులెక్కి, అక్కడి నుంచి చెడ్డ కోణంలో బాణం వదలడం కంటే, 16 అడుగుల మీద కూర్చుని అది నిన్ను చూసి పారిపోవడం వెయ్యి రెట్లు నయం. పారిపోయిన జింక బతికే ఉంటుంది, మళ్లీ వస్తుంది.

అందుకే స్టాండ్‌ని జింకల దారి నెత్తి మీద కట్టొద్దు. దారికి 15 నుంచి 20 గజాలు పక్కకి జరిగి కట్టు. కొత్తవాళ్లు దగ్గరైతే తేలిక అనుకుంటారు, పైనుంచి చూస్తే మరీ దగ్గరే కష్టం. గురి పెట్టేటప్పుడు బాణం ఎక్కడ దూరాలి అని కాకుండా అవతలి పక్క ఎక్కడ బయటికి రావాలి అని ఆలోచించు. అవతలి ముందు కాలు వెనకాల, ఛాతీ కింది మూడో వంతులో బయటికి వచ్చేలా ఊహించుకుని, ఆ గీత ఇవతలి పక్క ఎక్కడ తగులుతుందో అక్కడ విల్లు మీది గురి పిన్ను పెట్టు. ఎత్తు నుంచి కొట్టినప్పుడు బాణం బయటికి వచ్చే రంధ్రం కింద ఉంటుంది, నెత్తురు బాగా కారుతుంది, జాడ పట్టుకోవడం తేలిక. మితమైన ఎత్తుతో ఉన్న మంచి లాభాల్లో అదొకటి. ఇంకో మాట, విల్లు చప్పుడుకి జింక ఉలిక్కిపడి ఒక్కసారి కిందికి వంగి పరుగందుకుంటుంది. చప్పుడు సెకనుకి 1,100 అడుగుల వేగంతో పోతుంది, నీ బాణం వేగం 280 అడుగులు అనుకుంటే 20 గజాలు చేరడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ లోపు చప్పుడు ఎప్పుడో చేరిపోయి ఉంటుంది. బెదిరి, చెవులు నిక్కబొడుచుకున్న జింక మీదకి బాణం వదలకు, తల దించుకుని మేస్తున్నప్పుడు వదులు.

ఇక కొండవాలు. నువ్వు ఉత్తరంలో చదునైన సోయాబీన్ పొలాల అంచున కూర్చునేవాడివైతే ఈ భాగం రాసేవాడినే కాదు. వాలు మీద ఎత్తుని చెట్టు మొదలు నుంచి కొలవకూడదు, జింక కాలు పెట్టే చోటు నుంచి కొలవాలి. 30 శాతం వాలు అనుకుందాం, అంటే 10 అడుగులు నడిస్తే 3 అడుగులు ఎక్కుతాం. నీ చెట్టుకి 20 గజాల పైన జింకల దారి ఉందంటే, అక్కడి నేల నీ చెట్టు మొదలు కంటే 18 అడుగులు ఎత్తు. నువ్వు 16 అడుగుల స్టాండ్ మీద నిలబడి ఉంటే నీ కళ్లూ జింక కళ్లూ సరిగ్గా ఒకే మట్టంలో ఎదురెదురుగా ఉంటాయి! ఇంత కష్టపడి ఎక్కి దాని చూపు పట్టీలోనే కూర్చున్నట్టయింది. మీ ఆఫీసాయన 30 అడుగులు కావాలనడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం, ఆయన స్టాండ్ దారికి దిగువన ఉందేమో అడుగు. దానికి మందు ఇంకా పైకి ఎక్కడం కాదు, చెట్టు మార్చడం.

అదే నువ్వు దారికి ఎగువన చెట్టు ఎంచుకున్నావనుకో. దారి నీకు 15 గజాలు దిగువన ఉంది, అదే వాలు. నేలే నీకు పదమూడున్నర అడుగులు ఇచ్చేసింది. 12 అడుగుల స్టాండ్ కడితే జింకకి నువ్వు 25 అడుగుల పైన ఉన్నట్టే. బావమరిది మాట ఇక్కడ నూటికి నూరు పాళ్లు నిజం. పైగా నీ వెనక కొండ ఉంటుంది, ఆకాశం ఉండదు, కింది నుంచి చూస్తే నీ ఆకారం కొండలో కలిసిపోతుంది. ఇక్కడే ఎవరైనా 30 అడుగులు కడితే, దిగువన ఉన్న జింక మీదకి బాణం దాదాపు బావిలోకి వేసినట్టు పోతుంది. వాలు మీద నాకు నచ్చేది ఈ ఎగువ చెట్టే, సాయంత్రం గాలి సంగతి మాత్రం పైన చెప్పాను, దాన్ని ఉదయపు చెట్టుగానే పెట్టుకో.

చెట్టు ఎంపికలో మొదటి మాట: యాష్ చెట్టు ముట్టుకోవద్దు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, మరుసటి ఏడాదే ఒహాయోలోకి వచ్చింది, ఆ తర్వాత ఈ రాష్ట్రంలో యాష్ చెట్లు చాలావరకు వరసగా చచ్చిపోయాయి. చాలా అడవుల్లో ఆ మోళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి, నిటారుగా, కొమ్మల్లేకుండా, స్టాండ్ కట్టడానికే పుట్టినట్టు కనిపిస్తాయి. లోపలంతా పెళుసు. నీ చెట్టే కాదు, పక్కన పడితే నీ మీద పడే దూరంలో కూడా చచ్చిన చెట్టు ఉండకూడదు. షాగ్‌బార్క్ హికరీ బతికున్నా వద్దు, దాని బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటుంది, స్ట్రాప్ గట్టిగా పట్టదు, నువ్వు కదిలినప్పుడల్లా బరబరమని చప్పుడు. నిటారుగా ఉన్న, ఒకటిన్నర అడుగుల లోపు లావున్న బతికిన ఓక్ దొరికితే అంతకంటే ఏం కావాలి. తెల్ల ఓక్ కాయలు రాలే రోజుల్లో జింకలు వాటి కోసమే వస్తాయి, ఎర్ర ఓక్ కాయల కంటే వాటిలో వగరు తక్కువ.

ఎత్తుని నిర్ణయించేది ఆ చెట్టు మీద నీ వెనకా పక్కలా ఏముంది అన్నదే. కింద నిలబడి, జింక వచ్చే వైపు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చెట్టు వైపు చూడు. 14 అడుగుల దగ్గర రెండు కొమ్మల చీలిక, దాని వెనక ఇంకో బోదె కనిపిస్తే అక్కడే కట్టు. ఇంకో నాలుగు అడుగులు పైకి పోతే వెనక ఖాళీ ఆకాశం వస్తుందంటే, ఆ నాలుగు అడుగులు నీకు నష్టమే తెస్తాయి. నున్నటి కరెంటు స్తంభం లాంటి బోదె ఒక్కటే ఉంటే 20, 22 అడుగులు వెళ్లక తప్పదు, దానికంటే వేరే చెట్టు వెతకడం మంచిది. ఎర్ర సీడార్ లాంటి గుబురు చెట్టయితే 10, 12 అడుగులే సరిపోతాయి, దాన్లో కూర్చున్నవాణ్ణి మనిషే కనిపెట్టలేడు.

ఆకులు రాలడం కూడా లెక్కలో పెట్టుకో. మన ఆర్చరీ సీజన్ సెప్టెంబర్ చివర్లో మొదలై ఫిబ్రవరి మొదటి దాకా ఉంటుంది. సెప్టెంబర్లో పచ్చగా దాక్కున్న స్టాండ్ నవంబర్ మధ్యలో, మగ జింకలు జోడు కోసం పగలంతా తిరిగే అసలైన రోజుల్లో, బోసి కొమ్మల మధ్య బట్టబయలుగా నిలబడుతుంది. వేసవిలో చూసి చెట్టు ఎంచుకునేవాళ్లు దీన్నే మర్చిపోతారు. బీచ్ చెట్లూ కొన్ని లేత ఓక్ చెట్లూ ఎండిన ఆకుల్ని చలికాలమంతా వదలవు, అలాంటిది వెనక ఒకటి ఉంటే అదృష్టం.

నీ భయం గురించి. దాన్ని చిన్నతనంగా అనుకోకు, ఎత్తు నిర్ణయంలో అది కూడా సరైన లెక్కే. 16 అడుగుల మీద నిశ్చింతగా కూర్చున్నవాడు మూడు గంటలు కదలకుండా ఉంటాడు. 25 అడుగుల మీద కూర్చుని కమ్మీని పట్టుకుని, ప్రతి గాలి ఊపుకీ సర్దుకునేవాడు కదులుతూనే ఉంటాడు, జింక పట్టేది ఆ కదలికనే. చెట్టు పైకి పోయే కొద్దీ గాలికి ఎక్కువ ఊగుతుంది, గురి కూడా ఊగుతుంది. మొదటి రోజు ఎక్కి కూర్చున్నాక పదిహేను నిమిషాలకి కూడా నీ భుజాలు సడలకపోతే, ఆ ఎత్తు నీకు ఎక్కువ. దిగి, రెండు అడుగులు తగ్గించి కట్టు. ఏ జింకా దాని గురించి ఫిర్యాదు చేయదు.

మీ ఆవిడ టెన్షన్ పూర్తిగా న్యాయమైనది. ఇక్కడ జింకల వేటలో మనుషులకి దెబ్బలు తగిలేది ఎక్కువగా చెట్టు మీద నుంచి పడటం వల్లే. కూర్చున్నప్పుడు పడేవాళ్లు తక్కువ. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ముఖ్యంగా నిచ్చెన మీద నుంచి ప్లాట్‌ఫారమ్ మీదకి అడుగు మార్చేటప్పుడు పడతారు. 12 అడుగుల నుంచి పడినా వెన్ను విరగొచ్చు, కాబట్టి తక్కువ ఎత్తు అని హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) లేకుండా ఎక్కే ఆలోచన వద్దు. ఒంటికంతటికీ వచ్చే హార్నెస్ వేసుకో, నడుముకి మాత్రమే కట్టే పాత బెల్టులు ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకు. దాంతోపాటు లైఫ్‌లైన్ కొను. అది స్టాండ్ పైన చెట్టుకి కట్టి నేల దాకా వేలాడేసే తాడు, దాని మీద ప్రూసిక్ ముడి ఒకటి జారుతూ ఉంటుంది. నేల మీద ఉండగానే హార్నెస్‌ని ఆ ముడికి తగిలించుకుంటావు, ఎక్కుతూ ముడిని పైకి జరుపుకుంటావు, తిరిగి నేల మీద కాలు పెట్టేదాకా విప్పవు. కాలు జారితే ముడి బిగుసుకుంటుంది. కూర్చున్నప్పుడు చెట్టుకి కట్టిన తాడు తలకి సమంగా గానీ పైన గానీ ఉండాలి, వదులు ఉండకూడదు. పడ్డాక హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలో నెత్తురు ఆగిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది, దానికే హార్నెస్‌తో ఒక రిలీఫ్ స్ట్రాప్ ఇస్తారు, దాన్లో కాలు పెట్టి నిలబడి బరువు మార్చుకోవాలి. ఇంట్లో గ్యారేజీలో నేలకి అడుగు ఎత్తున, పక్కన మనిషిని పెట్టుకుని ఇది సాధన చెయ్యి. ఫోను చెయ్యి అందే ఛాతీ జేబులో పెట్టుకో. కొండల మధ్య సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి, ఏ చెట్టు మీద ఉంటావో మ్యాప్‌లో గుర్తు పెట్టి, ఎన్నింటికి దిగుతావో చెప్పి, మీ ఆవిడకీ ఆ స్థలం యజమానికీ ముందే పంపు. చెప్పిన టైముకి దిగు, జింక కనిపిస్తున్నా సరే. ఇవన్నీ ఆమెకి చూపించు, హార్నెస్ వేసుకుని చూపించు. "ఏం కాదులే" అన్న మాటతో ఎవరి టెన్షనూ తగ్గదు.

విల్లు చేత్తో పట్టుకుని ఎక్కొద్దు. ఒక తాడుకి కట్టి, నువ్వు కూర్చుని తగిలించుకున్నాక పైకి లాక్కో. కింద ఉన్నప్పుడు విల్లు నిచ్చెన మొదట్లో కాకుండా పక్కకి పెట్టు, బ్రాడ్‌హెడ్‌లు, అంటే వేట బాణాల మొనలు, బ్లేడు కంటే పదునుగా ఉంటాయి, పొరపాటున పడితే వాటి మీద పడకూడదు.

లాడర్ స్టాండ్ ఎందుకన్నానంటే, ఎత్తంటే జంకేవాడికి రెండు చేతులా పట్టుకుని ఎక్కే నిచ్చెన, కూర్చుంటే చుట్టూ కమ్మీ, అడుగు మార్చడం తేలిక. హ్యాంగ్-ఆన్ తేలిగ్గా ఉంటుంది, ఏ చెట్టుకైనా పోతుంది, కానీ చెట్టుకి వేలాడుతూ ఒక చేత్తో దాన్ని కట్టే పని మొదటి ఏడాది నీకు వద్దు. కొనేటప్పుడు ఒకటి చూసుకో, కొన్నింటి మీద రాసే ఎత్తు పైన కమ్మీ వరకు ఉంటుంది, కాళ్లు పెట్టే చోటు దానికంటే రెండు మూడు అడుగులు కిందే. బరువు పరిమితి చూడు, సాధారణంగా 300 పౌండ్లు రాస్తారు, దాన్లో నీ బట్టలు, విల్లు, సంచీ అన్నీ కలిపే. స్ట్రాపులు ఏడాదంతా చెట్టుకి వదిలేయకు, ఎండకి పాడవుతాయి, ఉడుతలు కొరుకుతాయి, చెట్టు లావెక్కి వాటిని తెగేదాకా బిగిస్తుంది. సీజన్ అయ్యాక విప్పు, వచ్చే ఏడాది కొత్తవి వెయ్యి.

సాధన గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. కాంపౌండ్ విల్లు అనగానే మనవాళ్లందరికీ విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ గుర్తొస్తుంది, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమె కొట్టేది చదునైన నేల మీద 50 మీటర్లు. నీ 20 గజాల నమ్మకం కూడా చదునైన రేంజిలోదే. పైనుంచి కొట్టేటప్పుడు అందరూ చేసే పని చేతిని మాత్రం కిందికి దించడం, అప్పుడు లాగే పొడవు మారి, తల వంకరై, బాణం పైకి పోతుంది. ముందు ఎదురుగా, నేలకి సమాంతరంగా నారి లాగు, ఆ తర్వాత నడుము దగ్గర వంగు, భుజాలూ చేతులూ ఏ ఆకారంలో ఉన్నాయో అలాగే ఉండాలి. స్టాండ్ మీద నుంచే, హార్నెస్ వేసుకునే, చలికోటు తొడుక్కునే సాధన చెయ్యి, కూర్చుని కూడా కొట్టు. దూరం కొలిచేటప్పుడు నేల మీద దూరమే లెక్క. 16 అడుగుల మీద నుంచి 20 గజాల జింకకి ఏటవాలుగా కొలిస్తే 21 గజాలు కూడా రాదు, తేడా పట్టించుకునేంత లేదు. కానీ వాలు దిగువన 20 గజాల్లో ఉంటే దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ 23 పైన చూపిస్తుంది, దానికి తగ్గట్టు పిన్ను పెడితే బాణం పైనుంచి పోతుంది. కోణం సరిచేసే రేంజ్‌ఫైండర్ లేకపోతే, నీ కంటి మట్టంలో ఉన్న చెట్ల బోదెలకి గురిపెట్టి కొలుచుకో, నేల దూరం అదే వస్తుంది, ఏ చెట్టు ఎన్ని గజాలో ముందే గుర్తు పెట్టుకో.

ఆగస్టు దాటనివ్వకు. స్టాండ్ కొనే ముందే ఆయన్ని తీసుకుని ఒక ఆదివారం ఆ 40 ఎకరాలు నడిచి రా, జింకల దారి వాలుకి ఏ మట్టంలో పోతోందో చూసి, దానికి ఎగువన 15 గజాల్లో ఒకటి, సాయంత్రాల కోసం గాలి జారే దారికి పక్కగా ఇంకొకటి, రెండు బతికిన చెట్లకి రిబ్బను కట్టి, వాటి లావు టేపుతో కొలుచుకో. నిచ్చెన నిలబెట్టడానికి ముగ్గురు కావాలి, ఆయన్నీ ఆ బావమరిదినీ ఇద్దర్నీ పిలువు. కత్తిరించాల్సిన కొమ్మలుంటే స్థలం ఆయనది కాబట్టి అడిగి, అదే రోజు కొట్టేయించు.